క్లిసోన్ వంశం: బ్రిటనీ ప్రభు కుటుంబం కథపై తరచుగా అడిగే ప్రశ్నలు

క్లిసోన్ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది నల్ల ఓడల మీద ఫ్రెంచి రాజుపై పగ తీర్చుకున్న ఆడ సముద్రదొంగ ఝాన్ ద బెల్‌విల్. ఆమె కథ బాగానే ఉంటుంది. కానీ ఆమె కొడుకు, మనవరాళ్ల చరిత్ర అంతకంటే పెద్దది, దానికి రాతపూర్వక ఆధారాలూ ఎక్కువే. ఆ కుటుంబాన్ని మొదటినుంచీ వరుసగా చూస్తేనే ఎవరు ఎందుకు ఏ పక్షం మారారో అర్థమవుతుంది. కింది జవాబులు ఆ వరుసలోనే ఉన్నాయి.

క్లిసోన్ ఎక్కడ ఉంది?

పడమటి ఫ్రాన్సులో, నాంత్ నగరానికి ఆగ్నేయంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో. సెవ్ర్ నాంతేజ్ నదిలో మ్వాన్ అనే చిన్న నది కలిసేచోట ఒక రాతిగుట్ట ఉంది. కోట దానిమీదే కట్టారు. మధ్యయుగంలో బ్రిటనీ, పుఆతూ, ఆంజూ అనే మూడు ప్రాంతాల సరిహద్దులు ఆ చుట్టుపక్కలే కలిసేవి. 11వ శతాబ్దం నుంచే ఈ ఇంటిపేరుతో ప్రభువులు కనిపిస్తారు.

సరిహద్దు కోట అంటే అటు డ్యూక్‌కీ, ఇటు ఫ్రాన్సు రాజుకీ ఇద్దరికీ కావలసిన ఆస్తి. ఈ కుటుంబం బలం అదే, కష్టాలకు మూలమూ అదే.

వీళ్లు ఫ్రెంచివాళ్లా, బ్రెటన్లా?

ఆ రోజుల్లో బ్రిటనీ ఒక డచీ. దానికి సొంత డ్యూక్, సొంత దర్బారు, సొంత సైన్యం ఉండేవి. డ్యూక్ మాత్రం ఫ్రాన్సు రాజుకు సామంతుడు. క్లిసోన్ ప్రభువులు డ్యూక్‌కు సామంతులు. వాళ్లకు సరిహద్దు అవతలా, నార్మండీ లాంటి చోట్లా కూడా భూములు ఉండేవి. ఆ భూముల లెక్కన చూస్తే నేరుగా రాజుకూ విధేయులే. డ్యూక్‌కూ రాజుకూ పడనప్పుడు ఇలాంటి కుటుంబం ఏదో ఒకవైపు మాట తప్పక తప్పదు. దేశభక్తి, దేశద్రోహం అనే ఇప్పటి కొలతలతో వీళ్లను తూచితే ఎవరి ప్రవర్తనా అర్థం కాదు.

ఇంతమంది ఒలివియేలు, జాన్‌లు ఉన్నారు. ఎవరిని ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఇద్దరు ఒలివియేలు గుర్తుంటే చాలు. తండ్రి నాలుగో ఒలివియే, 1343లో పారిస్‌లో తల నరికించుకున్నవాడు. కొడుకు ఐదో ఒలివియే, ఒంటికన్ను వీరుడు, ఫ్రాన్సు సర్వసేనాని. ఇక్కడ ఒట్టి 'ఒలివియే' అని కనిపిస్తే అది కొడుకే. ఆడవాళ్ల పేరును 'ఝాన్' అనీ, మగవాళ్ల పేరును 'జాఁ' అనీ రాశాం.

బ్రిటనీ వారసత్వ యుద్ధం ఎందుకు వచ్చింది?

బ్రిటనీ డ్యూక్ మూడో జాఁ 1341 ఏప్రిల్‌లో సంతానం లేకుండా చనిపోయాడు. ఆస్తి నాదంటే నాదని ఇద్దరు బయల్దేరారు. ఒకరు ఆయన తమ్ముడి కూతురు ఝాన్ ద పాంతియెవ్ర్. ఆమె భర్త షార్ల్ ద బ్లువా ఫ్రాన్సు రాజు ఆరో ఫిలిప్‌కు మేనల్లుడు. రెండోవాడు డ్యూక్ మారుతల్లి కొడుకు జాఁ ద మోంఫోర్. రాజు సహజంగానే మేనల్లుడి పక్షం వహించాడు. దాంతో మోంఫోర్ ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్ అండ చూసుకున్నాడు. అప్పటికే ఆ రెండు రాజ్యాల మధ్య నూరేళ్ల యుద్ధం మొదలైంది కాబట్టి ఇంటి తగాదా కాస్తా పెద్ద యుద్ధంలో భాగమైపోయింది. 1364 దాకా సాగింది.

క్లిసోన్ కుటుంబం ఇక్కడే నిలువునా చీలింది. నాలుగో ఒలివియే షార్ల్ ద బ్లువా పక్షాన నిలిచాడు. ఆయన సోదరుడు అమోరీ మోంఫోర్ వైపు వెళ్లి, ఆ పక్షం తరఫున ఎడ్వర్డ్ దగ్గర రాయబారం నడిపాడు.

రాజు పక్షాన పోరాడిన నాలుగో ఒలివియేను రాజే ఎందుకు చంపించాడు?

1342లో వాన్ పట్టణాన్ని కాపాడుతూ ఆయన ఇంగ్లిష్ వాళ్లకు చిక్కాడు. తర్వాత ఫ్రెంచివారి దగ్గర బందీగా ఉన్న రాల్ఫ్ స్టాఫర్డ్ అనే ఇంగ్లిష్ ప్రభువుకు బదులుగా ఆయనను వదిలేశారు. అంత పెద్ద ప్రభువు అంత తేలిగ్గా బయటపడడం ఫ్రెంచి దర్బారులో అనుమానం రేపింది. ఎడ్వర్డ్‌తో లోపాయికారీ ఒప్పందం ఏదో చేసుకుని ఉంటాడన్నారు.

1343 జనవరిలో మాలెత్రువా దగ్గర సంధి కుదిరింది. యుద్ధం ఆగిందన్న ధైర్యంతో నాలుగో ఒలివియే ఒక టోర్నమెంటు కోసం పారిస్ వెళ్లాడు. అక్కడ పట్టుకున్నారు. ఆగస్టు 2న లే ఆల్ అనే సంతబజారులో తల నరికారు. మొండేన్ని మోంఫోకోన్ ఉరికొయ్య దగ్గర వేలాడదీశారు. తలను నాంత్‌కు పంపి కోటగుమ్మం మీద ఈటెకు గుచ్చి నిలబెట్టారు.

అప్పటి ప్రభువర్గాన్ని కుదిపేసింది మరణశిక్ష ఒక్కటే కాదు. బహిరంగ విచారణ జరగలేదు, నేరానికి రుజువు చూపించలేదు. పైగా ఒక ప్రభువు శవాన్ని మామూలు దొంగ శవంలా ఊరేగించారు. ఆరో ఫిలిప్ చేసిన అతి పెద్ద రాజకీయ తప్పుల్లో ఇదొకటని నా అభిప్రాయం. తనవైపు ఉన్న ఒక పెద్ద కుటుంబాన్ని ఒక్క దెబ్బతో ఇంగ్లండుకు అప్పగించాడు.

ఝాన్ ద బెల్‌విల్ నిజంగా సముద్రదొంగేనా?

ప్రచారంలో ఉన్న కథ ఇది. భర్త చనిపోయాక ఝాన్ తన చిన్న కొడుకులను నాంత్‌కు తీసుకెళ్లి తండ్రి తలను చూపించి ఒట్టు వేయించుకుంది. నగలమ్మి మూడు ఓడలు కొంది. వాటికి నల్లరంగు వేయించి ఎర్ర తెరచాపలు కట్టించింది. ఫ్రెంచి ఓడ చిక్కితే అందరినీ నరికి, రాజుకు కబురు చెప్పడానికి ఒకరిద్దరిని వదిలేది.

ఇందులో గట్టిగా నిలిచే విషయాలు కొన్నే. ఆమె పుఆతూ సరిహద్దులోని బెల్‌విల్ ఎస్టేటు వారసురాలు. మొదటి భర్త చనిపోయాక 1330లో నాలుగో ఒలివియేను పెళ్లాడింది. భర్త మరణం తర్వాత ఆమె ఆయుధం పట్టిందనీ, ఒక కోటను మోసంతో పట్టుకుని లోపలి సైనికులను చంపించిందనీ, సముద్రం మీద ఫ్రెంచివారి మీద దాడులు చేసిందనీ 14వ శతాబ్దపు చరిత్రకారులు రాశారు. 1343 డిసెంబరులో పారిస్ న్యాయస్థానం ఆమెను దేశం నుంచి వెళ్లగొట్టి ఆస్తులు జప్తు చేసింది. ఎడ్వర్డ్ ఆమెకు బ్రిటనీలో తన చేతిలో ఉన్న భూముల నుంచి ఆదాయం ఇప్పించాడు. 1347 నాటి కలే సంధిలో ఇంగ్లండు మిత్రుల జాబితాలో ఆమె పేరుంది. తర్వాత వాల్టర్ బెంట్లీ అనే ఇంగ్లిష్ సేనాపతిని పెళ్లి చేసుకుంది. 1359లో మరణించింది.

నల్ల ఓడలు, ఎర్ర తెరచాపలు మాత్రం ఆ కాలపు రాతల్లో లేవు. 19వ శతాబ్దపు ఫ్రెంచి రచయితలు కథను రంగరించి పెంచారు, మన కాలంలో ఇంటర్నెట్ దాన్ని మరీ పెంచింది. ఈ రంగులన్నీ కడిగేసినా మిగిలే ఝాన్ తక్కువ మనిషేమీ కాదు. భర్తనూ ఆస్తినీ దేశాన్నీ పోగొట్టుకుని, పిల్లలను పరాయి రాజు అండలో పెంచి, పోయిన భూముల్లో కొంత తిరిగి రాబట్టుకున్న మనిషి ఆమె. నాకు ఆ ఝానే ఎక్కువ నచ్చుతుంది.

ఐదో ఒలివియే ఇంగ్లండులో పెరిగి ఇంగ్లిష్ వాళ్లకే శత్రువు ఎలా అయ్యాడు?

ఒలివియే 1336లో పుట్టాడు. తండ్రి చనిపోయినప్పుడు ఏడేళ్లవాడు. ఇంగ్లండు దర్బారులో అతనితో పాటు ఇంకో పిల్లవాడు కూడా పెరిగాడు. అతను జాఁ ద మోంఫోర్ కొడుకు, తర్వాత డ్యూక్ నాలుగో జాఁ. ఇద్దరూ కలిసి పెరిగారు, కలిసి యుద్ధానికి వచ్చారు. 1364 సెప్టెంబరు 29న ఓరే యుద్ధంలో షార్ల్ ద బ్లువా చనిపోయాడు, డచీ మోంఫోర్ చేతికి వచ్చింది. ఒలివియే ఒక కన్ను పోగొట్టుకున్నది ఆ యుద్ధంలోనే.

గెలిచాక ఒలివియే తన ప్రాంతానికి దగ్గరున్న గావ్ర్ కోటను ఆశించాడు. డ్యూక్ దాన్ని జాన్ చాండోస్ అనే ఇంగ్లిష్ సేనానికి ఇచ్చేశాడు. ఇంగ్లిష్ వాడు నా పొరుగున ఉండటానికి వీల్లేదని ఒలివియే మండిపడి ఆ కోటను తగలబెట్టించాడనీ, దాని రాళ్లను బ్లాన్‌లోని తన కోటకు తోలించాడనీ చెబుతారు. కోపం ఒక్కటే కారణం కాదు. ఫ్రాన్సులో అప్పటికి రాజు మారాడు. కొత్త రాజు, ఆరో ఫిలిప్ మనవడు ఐదో షార్ల్, క్లిసోన్ కుటుంబం ఆస్తులు తిరిగి ఇచ్చి, ఒలివియేను తనవైపు తిప్పుకోవడానికి బాగా శ్రద్ధ పెట్టాడు.

1370 అక్టోబరులో పోంతోర్సోన్ దగ్గర ఒలివియే, ప్రసిద్ధ సేనాని బెర్ట్రాండ్ ద్యు గెక్లాన్ అన్నదమ్ములుగా ఉంటామని రాతపూర్వకంగా ఒడంబడిక చేసుకున్నారు. ఫ్రాన్సు రాజు మినహా ఎవరి మీదైనా ఒకరికొకరు తోడుండాలి. ఖైదీల విడుదలకు వచ్చే సొమ్ము చెరిసగం పంచుకోవాలి. ఓరేలో వీళ్లిద్దరూ ఎదురెదురు పక్షాల్లో పోరాడారు. ఆ రోజు ద్యు గెక్లాన్ ఖైదీగా కూడా చిక్కాడు.

అతన్ని 'కసాయి' అని ఎందుకు పిలిచేవారు?

లొంగిపోయిన ఇంగ్లిష్ సైనికులను కూడా బతకనివ్వడని పేరు పడింది. ఖైదీని డబ్బు తీసుకుని వదిలేయడం అప్పటి యుద్ధంలో మామూలు పద్ధతి, దానివల్ల లాభం కూడా. దాన్ని కాదన్నవాణ్ణి తోటివాళ్లే భయంగా చూసేవారు. 1380లో ద్యు గెక్లాన్ చనిపోయాక ఒలివియేను ఫ్రాన్సు సర్వసేనానిగా చేశారు. 1382లో ఫ్లాండర్స్ తిరుగుబాటుదారులను ఓడించిన రోజ్‌బెకె యుద్ధంలో సైన్యం అతని ఆధ్వర్యంలోనే నడిచింది. 1386లో ఇంగ్లండు మీద దాడికి సిద్ధమైనప్పుడు, ఒడ్డుకు చేరగానే బిగించుకునేలా చెక్కతో ఒక పట్టణాన్నే విడి ముక్కలుగా చేయించి ఓడల్లోకి ఎక్కించాడు. దాడి జరగలేదు. దారిలో కొన్ని ఓడలు ఇంగ్లిష్ వాళ్ల పాలయ్యాయి.

డ్యూక్ అతన్ని చంపబోయి వదిలేశాడన్న కథ నిజమేనా?

ఈ కుటుంబ చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇది. ఒలివియేకు కొడుకులు లేరు, ఇద్దరు కూతుళ్లు. చిన్నకూతురు మార్గరీత్‌ను షార్ల్ ద బ్లువా కొడుకుకు ఇవ్వాలని సంకల్పించాడు. ఆ అబ్బాయి పేరూ జాఁయే. తండ్రి విడుదల సొమ్ముకు హామీగా ఇంగ్లండు వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే మగ్గుతున్నాడు. 1,20,000 లీవ్రులు పోసి అతన్ని విడిపించే ఏర్పాటు ఒలివియే చేశాడు. డ్యూక్ నాలుగో జాఁ దీన్ని ఎలా చూశాడో ఊహించవచ్చు. తన సింహాసనానికి పోటీ అయిన వంశపు వారసుడు దేశంలోనే అందరికంటే ధనవంతుడైన యోధుడికి అల్లుడవుతున్నాడు.

1387 జూన్‌లో వాన్‌లో ప్రభువుల సభ జరిగింది. విందు అయ్యాక, కొత్తగా కడుతున్న ఎర్మిన్ కోట చూద్దువు రమ్మని డ్యూక్ ఒలివియేను వెంటబెట్టుకెళ్లాడు. కోటలు కట్టడంలో నీకు మించినవాడు లేడు, బురుజు చూసి ఎలా ఉందో చెప్పు అన్నాడు. ఒలివియే లోపలికి వెళ్లగానే తలుపులు మూసేసి ఇనుప సంకెళ్లు వేశారు. రాత్రికి రాత్రే అతన్ని చంపేయమని బజ్వలాన్ అనే అధికారికి ఆజ్ఞ అయింది. ఒలివియే బావమరిది లవాల్ ప్రభువు డ్యూక్ కాళ్లావేళ్లా పడ్డాడు.

తెల్లారేసరికి డ్యూక్‌కు కోపం దిగి భయం పట్టుకుంది. ఫ్రాన్సు సర్వసేనానిని విందుకు పిలిచి చంపితే రాజు ఊరుకుంటాడా? పని అయిపోయిందనుకుని ఆయన కుమిలిపోతుంటే, ప్రభూ, నేను ఆ పని చేయలేదు అని బజ్వలాన్ చెప్పాడని కథనం. ప్రాణం దక్కింది కానీ ఊరికే కాదు. 1,00,000 ఫ్రాంకులు, ఎన్నో కోటలు రాయించుకుని గానీ వదల్లేదు. కూతురి పెళ్లి మాత్రం ఆగలేదు. 1388 జనవరిలో అయిపోయింది.

ఫ్రాన్సు రాజుకు పిచ్చి పట్టడానికీ ఇతనికీ ఏమిటి సంబంధం?

1392 జూన్ 13 రాత్రి పారిస్‌లో రాజభవనంలో విందు ముగించుకుని ఇంటికి వెళ్తుండగా పియెర్ ద క్రాన్ అనే ప్రభువు మనుషులతో మాటువేసి ఒలివియే మీద పడ్డాడు. కత్తిదెబ్బలకు గుర్రం మీంచి దొర్లి ఒక రొట్టెల దుకాణం తలుపుకు తగిలాడు. ఆ తలుపు ఓరగా తీసి ఉండటంతో లోపల పడ్డాడు. చచ్చాడనుకుని వాళ్లు వెళ్లిపోయారు. కబురు తెలిసి కుర్ర రాజు ఆరో షార్ల్ పడకమీంచి లేచి అప్పటికప్పుడు పరుగెత్తుకొచ్చాడు. గాయాలతో ఉన్న ఒలివియే వీలునామా రాయించాడు. అతని చరాస్తి 17 లక్షల ఫ్రాంకులని తెలిసి రాజు పినతండ్రులు కళ్లెర్రజేశారని చరిత్రకారుడు ఫ్రువాసార్ రాశాడు.

క్రాన్ పారిపోయి బ్రిటనీ డ్యూక్ నీడన చేరాడు. అతన్ని అప్పగించమంటే డ్యూక్ కాదన్నాడు. రాజు సైన్యంతో బయల్దేరాడు. ఆగస్టు 5న ల మాన్ దగ్గర అడవిలో మండుటెండ. చింకిపాతల మనిషి ఒకడు అడ్డొచ్చి, ముందుకు వెళ్లొద్దు, నీకు ద్రోహం జరిగింది అని అరిచాడు. కాసేపటికి ఒక పరిచారకుడి చేతిలోని ఈటె జారి శిరస్త్రాణానికి తగిలి ఖంగుమంది. ఆ చప్పుడుకు రాజు కత్తి దూసి తన మనుషుల మీదే పడి కొందరిని చంపాడు. ఆ మతిభ్రమణం జీవితాంతం వచ్చిపోతూనే ఉంది. అధికారం రాజు పినతండ్రుల చేతికి వచ్చింది. వాళ్లు మొదట చేసిన పనుల్లో ఒకటి ఒలివియేను పదవిలోంచి తీసేయడం.

డ్యూక్‌తో వైరం ఎలా ముగిసింది?

ఒలివియే బ్రిటనీకి తిరిగొచ్చాక మూడేళ్లు ఇద్దరూ కోటలు తగలబెట్టుకున్నారు. చివరికి రాజీకి పిలిస్తే, వాన్ సంగతి మర్చిపోని ఒలివియే రానన్నాడు. నీ వారసుణ్ణి హామీగా పంపితే వస్తానన్నాడు. డ్యూక్ తన పసికొడుకును నిజంగానే పంపాడు. అది చూసి ఒలివియే మనసు కరిగి, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని తానే వెళ్లి తండ్రికి అప్పగించాడని ఫ్రువాసార్ రాశాడు. 1395లో శాంతి కుదిరింది.

డ్యూక్ 1399లో చనిపోయాడు. మార్గరీత్ తన తండ్రి ఒలివియే పడకగదికి వచ్చి, డ్యూక్ పిల్లలను తొలగిస్తే డచీ నా బిడ్డలదవుతుంది కదా అందట. ముసలాయన ఈటె అందుకుని వెంటపడ్డాడనీ, పారిపోతూ మెట్లమీంచి పడి ఆమె కాలు విరిగి జీవితాంతం కుంటిందనీ కథ. కాలు విరిగిన తీరు తర్వాతివాళ్లు అల్లింది కావచ్చు. ఒలివియే ఆ పిల్లల జోలికి పోలేదన్నది మాత్రం చరిత్ర. 1402లో రెన్‌లో కుర్ర డ్యూక్ ఐదో జాఁ పట్టాభిషేకానికి ముందు అతనికి వీరపట్టం కట్టింది ఒలివియేయే. 1407 ఏప్రిల్ 23న జొస్లాన్ కోటలో అతను చనిపోయాడు.

మార్గరీత్ డ్యూక్‌ను కిడ్నాప్ చేయించిందా?

చేయించింది. 1420 ఫిబ్రవరిలో ఆమె కొడుకులు ఒలివియే, షార్ల్ అదే ఐదో జాఁను షాంతోసో కోటలో వినోదానికని పిలిచి దారిలో వంతెన దగ్గర పట్టుకున్నారు. దాదాపు ఐదు నెలలు ఒక కోట నుంచి మరో కోటకు తిప్పుతూ, చంపుతామని బెదిరిస్తూ ఉంచారు. డ్యూక్ భార్య ఝాన్ ద ఫ్రాన్స్ నిబ్బరం కోల్పోకుండా ప్రభువులందరినీ కూడగట్టి షాంతోసోను ముట్టడించింది. మార్గరీత్ ఉన్నది ఆ కోటలోనే. ఇక చేసేది లేక డ్యూక్‌ను వదిలారు.

షాంతోసోను నేలమట్టం చేశారు. మార్గరీత్ కుటుంబం ఆస్తులన్నీ పోయాయి. క్లిసోన్ కోట డ్యూక్ తమ్ముడు రిషార్‌కు దక్కింది. అందరికంటే అన్యాయమైపోయినవాడు ఆమె ఇంకో కొడుకు గియోమ్. కుట్రలో అతనికి చేయి లేదు. అయినా హామీగా డ్యూక్ చేతికి చిక్కి 1448 దాకా చెరలోనే ఉన్నాడు. 28 ఏళ్లు.

రొహాన్ కుటుంబంతో వీళ్లకు చుట్టరికం ఏమిటి?

రెండు వరసలు. ఒలివియే పెద్దకూతురు బెయాట్రిస్ ఎనిమిదో అలాన్ ద రొహాన్‌ను పెళ్లాడింది. ఒలివియే రెండో భార్య మార్గరీత్ ద రొహాన్ అదే అలాన్‌కు మేనత్త. ఈ మార్గరీత్ తండ్రి 1352లో మోరోన్ యుద్ధంలో చనిపోయాడు. ఆ యుద్ధంలో గెలిచిన సేనాపతి ఎవరో కాదు, ఒలివియే మారుతండ్రి వాల్టర్ బెంట్లీ. బ్రిటనీ ప్రభువుల పెళ్లిళ్లు, యుద్ధాలు ఇంత దగ్గర మనుషుల మధ్యే జరిగేవి.

వంశం అంతటితో ఆగిపోయిందా?

ఒలివియే తర్వాత ఇంటిపేరు నిలబెట్టే కొడుకు లేడు. రక్తం మాత్రం చాలా దూరం వెళ్లింది. బెయాట్రిస్ మనవరాలు మార్గరీత్ ద రొహాన్ ఆంగులెమ్ కౌంటును పెళ్లాడింది. ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సువా ఆమె మనవడే. అటు మార్గరీత్ ద క్లిసోన్ కొడుకు గియోమ్ చెరలోంచి బయటికొచ్చాక పెళ్లి చేసుకున్నాడు. అతని కూతురు ఫ్రాన్సువాజ్ ఆల్‌బ్రె ఇంటి కోడలైంది, ఆమె కొడుకు నవార్ రాజయ్యాడు. 1527లో మొదటి ఫ్రాన్సువా అక్కకూ ఆ నవార్ రాజు కొడుకు ఆన్రీ ద ఆల్‌బ్రెకూ పెళ్లయినప్పుడు ఒలివియే కూతుళ్లిద్దరి శాఖలూ కలిశాయి. ఆ దంపతుల మనవడు నాలుగో ఆన్రీ, 1589లో ఫ్రాన్సు రాజైన మొదటి బూర్బోన్ వంశస్థుడు.

ఇప్పుడు చూడటానికి ఏమేం మిగిలాయి?

క్లిసోన్ కోట గ్రానైటు శిథిలం. ఫ్రెంచి విప్లవకాలంలో జరిగిన వాందే అంతర్యుద్ధంలో తగలబడితే 1807లో శిల్పి లెమో కొని పడిపోకుండా కాపాడాడు. ఇప్పుడది లువార్-అట్లాంటిక్ జిల్లా అధీనంలో ఉంది. ఏటా జూన్‌లో ఊళ్లో హెల్‌ఫెస్ట్ అనే పెద్ద మెటల్ సంగీతోత్సవం జరుగుతుంది. కోటను ప్రశాంతంగా చూడాలంటే ఆ రోజులు కాకుండా చూసుకోండి.

జొస్లాన్‌లో ఊస్ట్ నది మీదికి నిలిచిన బురుజులు ఒలివియే కట్టించినవి. పెద్ద బురుజును 17వ శతాబ్దంలో కార్డినల్ రిషల్యూ కూల్చేయించాడు. కోట ఇప్పటికీ రొహాన్ కుటుంబానిదే. పక్కనే నోత్ర్ దామ్ ద్యు రొన్సియే చర్చిలో ఒలివియే, మార్గరీత్ ద రొహాన్ పాలరాతి సమాధి ఉంది. పారిస్‌లో ఆర్షీవ్ వీధిలో 58వ నంబరు దగ్గర రెండు చిన్న గుండ్రటి బురుజుల మధ్య ఒక కమాను గుమ్మం కనిపిస్తుంది. ఒలివియే పారిస్ ఇంట్లో మిగిలింది అదొక్కటే. టికెట్ అక్కర్లేదు, వీధిలో నిలబడే చూడవచ్చు.